ఆది లేని జాకెట్టు

జాకెట్టు కుట్టించుకోవడానికి దర్జీ దగ్గరకు వెళ్లే ఏ ఆడమనిషీ ఉత్త చేతులతో వెళ్లదు. సంచీలో గుడ్డతో పాటు ఆది జాకెట్టు ఒకటి ఉంటుంది. చంక దగ్గర అర అంగుళం వదలమని, భుజం జారకుండా చూడమని, మెడ వెనక మరీ లోతు వద్దని ఇన్ని జాగ్రత్తలు చెబుతుంది. కుట్టి తెచ్చాక అద్దం ముందు చేతులు పైకెత్తి, దించి, వెనక్కి తిరిగి చూసుకుంటుంది. ఎక్కడ పట్టేసినా మళ్లీ దర్జీ దగ్గరికే. అదే మనిషి సముద్రం అడుగు చూద్దామని అండమాన్ వెళ్లినప్పుడు మాత్రం, కొక్కేలకు వేలాడే జాకెట్లలోంచి ఎవరో తీసి చేతికిచ్చింది మారు మాట్లాడకుండా తొడుక్కుంటుంది. చీర మీద వేసుకునేది వదులైతే పోయేది అందం. వీపు మీద 14 కిలోల ట్యాంకును మోసేది వదులైతే పోయేది అదొక్కటే కాదు.

స్కూబా భాషలో దాని పేరు బీసీడీ. పడవ మీద కుర్రాళ్లు జాకెట్ అనేస్తారు. చూడ్డానికి చేతుల్లేని కోటులా ఉంటుంది. లోపల గాలి సంచి, వెనక ట్యాంకును బిగించే పట్టా, ఎడమ భుజం మీంచి వేలాడే ముడతల గొట్టం. ఆ గొట్టం చివర ఒక మీట నొక్కితే ట్యాంకులోని గాలి సంచిలోకి వస్తుంది, మనిషి తేలుతుంది. గొట్టం పైకెత్తి రెండో మీట నొక్కితే గాలి బయటికి పోతుంది, మనిషి దిగుతుంది. పడవ పక్కన తలను నీటిపైన నిలిపేది ఇదే. కింద పగడాలకు కాలు తగలకుండా మనిషిని నీళ్ల నడుమ వేలాడదీసేదీ ఇదే.

లోతుకు వెళ్లేకొద్దీ గాలి కుంచించుకుపోతుంది. నీటిపైన ఉన్న గాలి 10 మీటర్ల లోతుకు చేరేసరికి సగమవుతుంది, అక్కడ ఒత్తిడి రెట్టింపు కాబట్టి. పైకి వచ్చేటప్పుడు కథ తిరగబడుతుంది. ఉన్న గాలే ఉబ్బి మనిషిని ఇంకా పైకి లాగుతుంది. అందుకే డైవరు కూరలో ఉప్పు సరిచూసినట్టు దారంతా చిటికెడు గాలి పోస్తూ, చిటికెడు తీస్తూ ఉంటుంది. ఆ చిటికెడు లెక్క కుదరాలంటే గాలి సంచి ఒంటితో పాటే కదలాలి. వదులు జాకెట్‌లో గాలి ఒక పక్కకి, ట్యాంకు ఇంకో పక్కకి పోతాయి, మనిషి మధ్యలో తిరగలి రాయిలా తిరుగుతుంది.

స్వరాజ్ ద్వీప్ అని పేరు మారిన హేవ్‌లాక్‌లో, పొద్దున్నే డైవ్ దుకాణాల ముందు నిలబడితే ఈ దృశ్యం దొరుకుతుంది. ఐదడుగుల అమ్మాయి మీడియం జాకెట్ వేసుకుని ఉంటుంది. భుజాల పట్టీలు చివరిదాకా లాగేశారు, ఇక లాగడానికి పట్టీ లేదు. నడుము పట్టీ రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పూర్తిగా ఎక్కేశాయి, అయినా లోపల పిడికిలి దూరుతుంది. నీళ్లలోకి దిగి గాలి నింపగానే జాకెట్ పైకి లేస్తుంది, మనిషి కిందే ఉంటుంది. మెడ పట్టీ చెవుల దాకా వస్తుంది, గడ్డం నీటిలోకి పోతుంది. ఆ కంగారులో ఆమె అనుకునే మాట, పడవ ఎక్కాక స్నేహితురాలితో చెప్పే మాట ఒకటే: "నాకు నీళ్లు పడవేమో."

నీళ్లు పడకపోవడం కాదది. జాకెట్ పడలేదు.

ఆ తేడా తెలియకే ఎంతోమంది మొదటి డైవ్‌తోనే ఈ సరదాకు దణ్ణం పెట్టేస్తారు. కారణం వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఫ్రాన్స్‌లో మోరిస్ ఫెంజీ 1961లో తెచ్చిన గాలి సంచి మెడకు గుర్రపు పట్టెడలా తగిలించుకునేది. ఇప్పుడు జాకెట్ అనగానే గుర్తొచ్చే రూపాన్ని స్కూబాప్రో కంపెనీ 1970ల్లో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటికి డైవింగ్ అంటే మగవాళ్ల పని, అందులోనూ విశాలమైన భుజాలున్న అమెరికా, యూరప్ మగవాళ్ల పని అనే లెక్కలోనే కొలతలన్నీ సాగాయి. ఆడవాళ్లు లేరా అంటే, లేకేం. లాస్ ఏంజెలెస్ కౌంటీ శిక్షణ పూర్తి చేసి 1955లోనే డాటీ ఫ్రేజియర్ అమెరికాలో తొలి మహిళా స్కూబా శిక్షకురాలయ్యారు. 1970లో సిల్వియా ఎర్ల్ నాయకత్వంలో ఐదుగురు మహిళలు వర్జిన్ ఐలాండ్స్ దగ్గర టెక్‌టైట్ అనే సముద్రగర్భ గృహంలో రెండు వారాలు కాపురం ఉండి పరిశోధన చేసి వచ్చారు. మనుషులు అప్పుడే దిగారు. వాళ్ల కొలతలే ఆలస్యంగా దిగాయి.

ఆ ఆలస్యం తర్వాత వచ్చిన మొదటి రకం సరుకులో కొంత కంటితుడుపు. మగవాళ్ల జాకెట్‌ను కాస్త కుదించి, అంచుకు గులాబీ గుడ్డ కుట్టి ఆడవాళ్లదని అమ్మడం. గులాబీ రంగు మీద ఎవరికీ పగ లేదు. కాకపోతే రంగు నడుము దగ్గర వదులును బిగించదు. ఈ కాలంలో నిజంగా ఆడ ఒంటిని చూసి కోసినవీ ఉన్నాయి: స్కూబాప్రో వాళ్ల బెల్లా, హైడ్రోస్ ప్రోలో ఆడవాళ్ల నమూనా, ఆక్వా లంగ్ వాళ్ల పెర్ల్, జీగల్ వాళ్ల జీనా, మారెస్ వాళ్ల షీ డైవ్స్ వరస. ఇలాంటి పేర్లు ఏడాదేడాదికి మారిపోతుంటాయి కనుక పేరు కన్నా కోతను పట్టుకోవడం మేలు. కోత సంగతి భుజం పట్టీ చెప్పేస్తుంది. మగ జాకెట్‌లో అది నిట్టనిలువుగా దిగుతుంది, సరిగ్గా రొమ్ముల మీదుగా వచ్చి అక్కడే నొక్కుతుంది. ఆడ జాకెట్‌లో పట్టీ లోపలి నుంచి పక్కకు వంపు తిరిగి చంక వైపు వెళుతుంది. ఛాతీ మీది అడ్డ పట్టీ పైకీ కిందికీ జరిగేలా ఉంటుంది. దాన్ని రొమ్ములకు పైన, గొంతుకు బాగా కింద నిలపగలిగితే సగం బాధ పోయినట్టే.

పొట్టి అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. భారతీయ మహిళ సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే అటూ ఇటూగా ఐదడుగులు. విదేశీ కంపెనీల పట్టికలో అది చిట్టచివరి గడి. మన వీధిలో మామూలు మనిషి వాళ్ల పట్టికలో అతి చిన్న మనిషి అన్నమాట. కాబట్టి దుకాణంలో స్మాల్ ఇచ్చి "ఇదే చిన్నది" అన్నప్పుడు సిగ్గుపడాల్సిన పని లేదు. ఎక్స్ ఎస్, డబుల్ ఎక్స్ ఎస్ అనేవి లోకంలో ఉన్నాయి, ఆ కొక్కేనికే లేవు.

పట్టికల్లో ఇంకో మెలిక ఉంది. చాలావాటిలో ఎత్తు, బరువు, ఛాతీ ఇస్తారు. అసలు తేల్చాల్సింది వీపు పొడవు. ఇద్దరు ఐదడుగుల వాళ్లలో ఒకరికి కాళ్లు పొడవు, ఇంకొకరికి నడుం పైభాగం పొడవు. ఒకే జాకెట్ ఒకరికి చక్కగా అమరుతుంది, ఇంకొకరికి తుంటి ఎముకల మీద కూర్చుని ప్రతి అడుగుకీ పైకి తంతుంది. కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. తల ముందుకు వంచితే మెడ వెనక ఒక ఎముక బుడిపె చేతికి తగులుతుంది. అక్కడి నుంచి వెన్ను మీదుగా టేపు జారవిడిచి, రెండు తుంటి ఎముకల పై అంచులను కలిపే గీత దాకా కొలవాలి. పొట్టి వాళ్లలో అది 40 సెంటీమీటర్లకు అటూ ఇటూ వస్తుంది. జాకెట్ వెనక ఉండే గట్టి పలక, దానికి దిగువన నడుము పట్టీ ఈ కొలతలో ఇమడాలి.

ఆ 40 సెంటీమీటర్ల పక్కన ట్యాంకును పెట్టి చూస్తే నవ్వొస్తుంది. మన దేశంలో ఎక్కువగా వాడే 11 లీటర్ల అల్యూమినియం ట్యాంకు పొడవు, మీది వాల్వ్ కాకుండానే, 66 సెంటీమీటర్లు. పైకి బిగిస్తే తల వెనక్కి వాల్చినప్పుడు పుర్రెకు ఠంగుమని తగులుతుంది, కిందికి బిగిస్తే పిరుదులను పొడుస్తుంది. ట్యాంకు వాల్వ్‌ను మెడ మొదలు దగ్గర నిలిపి, తల పైకెత్తి చూసి, తగలకుండా ఎంత పైకి పోతుందో అంత పైకి బిగించడమే రాజీ మార్గం. 9 లీటర్ల పొట్టి ట్యాంకు ఉంటే అడిగి పుచ్చుకోవాలి. ఒళ్లు చిన్నదైతే గాలి కూడా తక్కువే కాలుతుంది కాబట్టి, చాలామందికి అది కూడా డైవంతా సరిపోతుంది.

ఇక తొడిగి చూడ్డం. చుడిదార్ మీద తొడిగి చూసి కొన్నది సముద్రంలో పనికిరాదు. నీళ్లలో వెట్‌సూట్ అనే ఏ రబ్బరు సూట్ వేసుకుంటారో దాని మీదే తొడగాలి. ముందు పట్టీలన్నీ వదులు చేయాలి. తొడిగాక మొదట నడుము పట్టీ బిగించి, బరువు తుంటి మీద కూర్చున్నాక భుజాలవి లాగాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, భుజాలు కోసుకుపోతున్నాయని ఫిర్యాదు చేస్తారు. నడుము పట్టీని ఇంగ్లీషులో కమ్మర్‌బండ్ అంటారు. మన కమర్‌బందే ఓడెక్కి వెళ్లి, యాస మార్చుకుని తిరిగి వచ్చింది. దాని రెండు కొసలూ కలిసేచోట వెల్క్రో ఇంకా కాస్త మిగలాలి. భుజం పట్టీల్లోనూ లాగడానికి నాలుగు వేళ్ల మేర మిగలాలి. ఎందుకంటే లోతులో వెట్‌సూట్ నలిగి పలచబడుతుంది, ఒడ్డున బిగుతుగా ఉన్నది అక్కడ వదులవుతుంది. ఒడ్డునే పట్టీ అయిపోతే కింద ఇక లాగడానికేముంది?

తర్వాత గాలి నింపాలి. సగం కాదు, వాల్వ్ తనంతట తాను బుస్సుమని వదిలేసేదాకా. ఆ స్థితిలో గుండెల నిండా ఊపిరి పీల్చి చూడాలి. పక్కటెముకలు పట్టేసినా, పీల్చడం సగంలో ఆగినా ఆ జాకెట్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయాలి. వదులు జాకెట్ ఒక రకం ప్రమాదమైతే, పీకను పట్టే జాకెట్ ఇంకో రకం. నీటిపైన అలల్లో ఊపిరాడట్లేదనిపిస్తే మొదట చెదిరేది మనసు. అదే స్థితిలో ఎవరినైనా వెనక నుంచి జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తమనాలి. మనిషి మడమలు కూడా కాస్త లేవాలి. జాకెట్ ఒక్కటే లేచి చెవులు మూసిందంటే నీళ్లలోనూ అదే చేస్తుంది.

చేతికి అందేవి చేతికి అందుతున్నాయా అన్నది మరో పరీక్ష, కళ్లు మూసుకుని చేసేది. ఎడమ గొట్టం ఛాతీ పక్కన దొరకాలి. పొట్టివాళ్లకు అది నడుము దాటి వేలాడి, కావలసినప్పుడు వెతుక్కునేలా చేస్తుంది. దానికి పొట్టి గొట్టం వేయించుకోవచ్చు. పెద్ద ఖర్చు కాదు. కుడి భుజం మీద గాలి వదిలే తాడు, వెనక నడుము దగ్గరి తాడు రెండూ వేళ్లకు తగలాలి. మునగడానికి వాడే సీసం బరువులు జాకెట్ జేబుల్లోనే పెట్టుకునే రకమైతే, ఆ జేబులను ఒక్క లాగులో ఏ చేత్తోనైనా ఊడదీయగలగాలి. వదులు జాకెట్‌లో ఈ జేబులు తుంటి వెనక్కి తిరిగిపోతాయి. ఆపదలో బరువు వదిలేయాల్సి వస్తే చెయ్యి ఖాళీగా తిరిగొస్తుంది.

రకాల విషయానికొస్తే, దుకాణాల్లో ఎక్కువగా ఉండేది ఒంటి చుట్టూ గాలి నిండే మామూలు జాకెట్. కొత్తవాళ్లను నీటిపైన నిటారుగా నిలబెడుతుందని శిక్షకులకు ఇష్టం. కానీ పొట్టి, సన్నటి ఒంటికి అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది కూడా ఇదే. గాలి నింపగానే ముందు భాగం ఉబ్బి పక్కటెముకలను నొక్కుతుంది. సంచి మొత్తం వీపు మీదే ఉండే రకంలో ఆ నొక్కుడు లేదు, నీళ్లలో బల్లపరుపుగా పడుకోవడం తేలిక. కాకపోతే నీటిపైన మరీ ఎక్కువ గాలి నింపితే మొహాన్ని ముందుకు తోస్తుంది. కావలసినంతే నింపి, కాస్త బరువును ట్యాంకు పట్టా జేబుల్లోకి మారిస్తే రెండు మూడు డైవుల్లో అలవాటైపోతుంది.

మూడోది పలక, పట్టీ, రెక్క. ఒక లోహపు పలక, దాని గుండా రెండంగుళాల వెడల్పు నైలాన్ పట్టీ, వెనక రెక్క అనే గాలి సంచి. సైజు అనేదే లేదు, పట్టీని ఒంటికి తగ్గట్టు ఎక్కించుకోవడమే. ఒక సాయంత్రం కూర్చుని ఓపికగా సరిచేస్తే ఆది జాకెట్టుతో కుట్టించినంత బాగా కుదురుతుంది. కాళ్ల మధ్య నుంచి ముందుకు వచ్చే గోచీ పట్టీ ఉంటుంది కాబట్టి పైకి లేచే ప్రశ్నే రాదు. రెండు సంగతులు మాత్రం చూసుకోవాలి. మామూలు పలక పొట్టి వీపుకు పొడవవుతుంది, పొట్టి పలకలు విడిగా దొరుకుతాయి. స్టీలు పలక ఒక్కటే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. వెచ్చని నీళ్లలో పలచని వెట్‌సూట్‌తో దిగే చిన్న మనిషికి అసలు కావలసిన బరువే అంత. ఆపదలో వదిలేయడానికి ఇక ఏమీ మిగలదు. ఆమెకు అల్యూమినియం పలకే నయం.

ఎంత మోయగల సంచి కావాలి అన్నదాన్ని చాలామంది దుకాణదారు మాట మీద వదిలేస్తారు. లెక్క కష్టమేం కాదు. 11 లీటర్ల ట్యాంకులో 200 బార్ల ఒత్తిడికి పైగా నింపితే సుమారు 2,300 లీటర్ల గాలి ఉంటుంది. లీటరుకు 1.2 గ్రాముల చొప్పున అది దాదాపు 2.8 కిలోలు. ఆ బరువు డైవ్ మొదట్లో ఉంటుంది, చివర్లో చాలావరకు ఉండదు. అండమాన్ నీళ్లు ఏడాదంతా 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి, 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ చాలు. చిన్న ఒంటికి పట్టే ఆ సూట్ లోతులో కోల్పోయే తేలుడు మహా అయితే రెండు కిలోలు. రెండూ కలిపినా ఐదు కిలోలు దాటదు. నీటిపైన తల నిలపడానికి ఇంకో నాలుగైదు వేసుకున్నా పది కిలోలు మోసే సంచి ఆమెకు చాలు. చిన్న సైజులో తక్కువ మోత అని భయపెట్టి పెద్దది అంటగట్టే బేరం ఇక్కడ చెల్లదు. పైగా మెత్తలు, జేబులు ఎక్కువున్న పెద్ద జాకెట్ తనంతట తానే తేలుతుంది. దాన్ని ముంచడానికి అదనంగా సీసం కట్టుకోవాలి, ఆ సీసాన్ని మోయడానికి సంచిలో అదనంగా గాలి నింపాలి. ఎవరికీ ఉపయోగం లేని వడ్డీ వ్యాపారం.

ఇన్ని చెప్పినా, ఏడాదికి ఒక్కసారి సెలవుల్లో దిగేవాళ్లు జాకెట్ కొనక్కర్లేదు. అద్దెదే సరిగ్గా అడిగితే చాలు. వెళ్లేముందు ఎత్తు, బరువు, ఛాతీ కొలతతో పాటు వీపు పొడవు కూడా రాసి పంపి, ఎక్స్ ఎస్ ఉందా అని అడగాలి. పిల్లల జాకెట్ ఉందంటే సరేననే ముందు రెండుసార్లు ఆలోచించాలి. పదేళ్ల పిల్లలు కూడా శిక్షణ తీసుకుంటారు కాబట్టి ఆ సైజులు ఉంటాయి, పొడవు కుదురుతుంది కూడా, కానీ రొమ్ము దగ్గర, తుంటి దగ్గర పట్టేస్తాయి. గుంపుతో కలిసి పొద్దున్నే వెళ్తే మిగిలినదే దక్కుతుంది. ముందురోజు సాయంత్రమే వెళ్లి తొడిగి చూసి, పేరు రాసిన కాగితం కట్టి రావడం తెలివైన పని. విడిగా తగిలించుకునే గోచీ పట్టీ ఒకటి వెంట తీసుకెళ్తే అరువు జాకెట్ సగం సొంతదైనట్టే. వదులు పూడ్చడానికి లోపల తువ్వాలు కుక్కమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోవాలి.

ఏటా పదీ పదిహేను డైవులు చేసేవాళ్లకు మాత్రం సొంతది ఉండాల్సిందే. ప్రయాణాల కోసం చేసినవి రెండు, మూడు కిలోలే తూగుతాయి, మడిస్తే చిన్న సూట్‌కేసులో పడతాయి. దేశంలో తిరిగే విమానాల్లో సామానుకు సాధారణంగా ఇచ్చే 15 కిలోల్లో బట్టలకూ చోటు మిగులుతుంది.

కొన్నది ఒడ్డున ఎంత కుదిరినా, తీర్పు నీళ్లదే. హైదరాబాద్‌లో ఈతకొలనుల్లో స్కూబా నేర్పేవాళ్లున్నారు, విశాఖ రుషికొండ దగ్గర సముద్రమే ఉంది. జాకెట్‌లో గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పట్టి నిటారుగా నిలబడితే నీటి గీత కళ్ల దగ్గర ఆగాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. నిండు ట్యాంకుతో ఈ పరీక్ష చేస్తే, చివర్లో ట్యాంకు తేలికై పైకి తేలిపోకుండా రెండు కిలోల సీసం కలుపుకోవాలి. కింద బల్లపరుపుగా పడుకుని ఒక పక్కకి ఒరగాలి, తర్వాత రెండో పక్కకి. మనిషి తిరిగాక ఒక క్షణం ఆగి ట్యాంకు తిరుగుతోందంటే నడుము పట్టీ ఇంకా బిగించాలి. బిగించడానికి పట్టీ లేకపోతే, రసీదు ఇంకా పారేయలేదు కదా.

అన్నీ కుదిరిన రోజున డైవ్ పుస్తకంలో తాబేలు, చిలక చేప అని రాసుకునే పేజీలోనే ఇంకో వరస కూడా పడాలి. సముద్రం, 3 మిల్లీమీటర్ల సూట్, వెనక గాలి రకం, ఎక్స్ ఎస్, పొట్టి గొట్టం, 9 లీటర్ల ట్యాంకు, 3 కిలోల సీసం, ఎడమ భుజం పట్టీ రెండు వేళ్లు వదులు. తర్వాతి సారి దుకాణం కౌంటర్ మీద ఆ పేజీ తెరిచి పెడితే, కుర్రాడు కొక్కేల వైపు చూడకుండా ముందు పేజీ చదువుతాడు.